మా యింటి లేఖ: నాలుగు ఇండ్లు, ఒక ప్రయాణము

ఈ శీర్షిక క్రింద నేను మీతో పచ్చళ్ళను గూర్చియు, పిల్లల చదువులను గూర్చియు, ఇంటి లెక్కలను గూర్చియు ముచ్చటించుట మీకు అలవాటే. ఈ మాసమున మాత్రము దూరదేశపు సంగతి వ్రాయుచున్నాను. గడచిన అక్టోబరులో మావారును నేనును ఫ్రాన్సు దేశమునకు పోయి, పది దినములు కారులో ఊరూరు తిరిగి వచ్చితిమి. "విదేశయాత్రల గొప్పలు మాకేల?" అని మీలో కొందరు పుట త్రిప్పివేయవచ్చును. తొందరపడకుడు. నేను చెప్పబోవునది కోటల గొప్ప కాదు. నాలుగు ఇండ్ల కథ. ఆ నాలుగును భార్యాభర్తలు కట్టుకొన్న యిండ్లు. వానితోపాటు ఐదవదియగు మా యింటి కథయు కొంచెము కలదు. అది చెప్పుటకు నాకు జంకుగానే యున్నను, మీలో ఒక్కరికైన ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాను.

మావారు ఉద్యోగము విరమించి రెండేండ్లయినది. మా చిన్నమ్మాయి పారిసులో ఉద్యోగము చేయుచున్నది. "రైళ్ళమీద పరుగులేల? కారు అద్దెకు తీసికొని మన యిచ్చ వచ్చిన చోట ఆగుచు పోదము" అని మావారు ముచ్చటపడిరి. ముప్పది నాలుగేండ్ల కాపురములో కారు నడుపుట ఆయన వంతు. ప్రక్కన కూర్చుండి కమలాఫలము ఒలిచి తొన తొనగా చేతి కందించుట నా వంతు. నాకును లైసెన్సు లేకపోలేదు. పదునెనిమిది యేండ్ల క్రిందటనే పుచ్చుకొంటిని. అయితే మొదటి వారమున మా వీధి గేటునకు కారు రాచుకొనగా ఆయన నవ్విరి. ఆ నవ్వు నా మనసున ముల్లై నిలిచినది. నాటినుండి ఆయన ఊరలేనప్పుడు మాత్రమే నడుపుచు, ఆయన యెదుట "నాకు భయము" అనుచు వచ్చితిని. ఇది నా దాపరికము. దీనిని జ్ఞాపకముంచుకొనుడు.

కారు అద్దెకిచ్చు చోట గుమాస్తా "రెండవ చోదకుల పేరు వ్రాయవలయునా?" అని యడిగెను. అందులకు వేరుగా పైకము కట్టవలెను. మావారు "ఆమె నడపదు, ఆ సొమ్ము దండుగ" అనిరి. మా అమ్మాయి మాత్రము పట్టుపట్టి నా పేరు వ్రాయించినది. ఇంటినుండి బయలుదేరకమునుపే ఇద్దరికిని అంతర్జాతీయ అనుమతి పత్రములు తెచ్చుకొనుడని ఉత్తరముల మీద ఉత్తరములు వ్రాసినదియు అదియే. కన్నబిడ్డలకు తల్లిదండ్రులకంటె ముందుచూపు ఉండుట కలదు.

పారిసునకు నైరృతి దిక్కున సుమారు 90 కిలోమీటర్ల దూరమున షార్త్రు అను పట్టణము కలదు. గోధుమ పొలముల నడుమ పోవుచుండగా, ఊరు కనబడకమునుపే అక్కడి మహాలయపు శిఖరములు రెండును కనబడును. అవి ఒకదానితో నొకటి పోలవు. ఒకటి పన్నెండవ శతాబ్దమునాటి సాదా శిఖరము. రెండవది సుమారు మూడున్నర శతాబ్దములకు తరువాత లతలు చెక్కినట్లు కట్టినది. పోలికలేని రెండును ఒకే గుడికి అందమిచ్చుచున్నవి.

1194వ సంవత్సరమున అగ్నిప్రమాదము వలన పాత ఆలయము చాలవరకు దగ్ధము కాగా, ఊరివారు వెంటనే పని మొదలిడి, ఇంచుమించు ఒక తరములోపలనే ఇప్పటి ఆలయమును చాలభాగము నిలిపిరి. లోపల సుమారు 2,600 చదరపు మీటర్ల రంగుటద్దములు కలవు. అందలి నీలము మన నెమలికంఠపు నీలమును తలపించును. కిటికీల అడుగు భాగములందు రొట్టెలు కాల్చువారు, చెప్పులు కుట్టువారు, తోళ్ళు అమ్మువారు తమతమ పనులు చేయుచున్న బొమ్మలు కలవు. దేవుని కథలు పైన, చేతిపని వారి బ్రతుకులు క్రింద. 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు ఈ అద్దములను విప్పి, పెట్టెలలో దాచి, యుద్ధానంతరము మరల బిగించిరట. మన యింట అటకమీది గాజు దీపమును దించి తుడిచి మరల పెట్టుటకే మనకెంత గుండెదడ! వారి ఓర్పు ఎట్టిదో ఊహించుకొనుడు.

అక్కడ మావారు తల ఇటునటు త్రిప్పుచు, అద్దములను ముక్కముక్కగా చూచుచుండిరి. ప్రక్కనున్న కుర్చీ తగిలి తూలిరి. "చూపంతయు పైననే యున్నది!" అని నేను నవ్వితిని. ఆ నవ్వు తలచుకొన్న నేడు నాకు సిగ్గగును.

ఇక మొదటి యిల్లు. అది ఆ మహాలయమునకు దూరముగా, శ్మశానమునకు చేరువగా, పేదలుండు వీధిలో నున్నది. రేమోఁ ఇసిదోర్ అను నాతడు శ్మశానమునందు ఊడ్చుపని చేసినవాడు. 1938 ప్రాంతమునుండి పొలములలోను పెంటకుప్పలమీదను పగిలిన పింగాణి పెంకులను ఏరి తెచ్చి, గోడలకు అతికించుటకు మొదలిడెను. గోడలయిన పిమ్మట నేల, నేలయైన పిమ్మట మంచము, బల్లలు, పొయ్యి, తుదకు భార్య ఆద్రియెన్ యొక్క కుట్టుమిషను! 1964లో చనిపోవువరకు ఆతనికి ఇదియే లోకము. ఊరివారు ఎగతాళిగా "పికాసియెట్" అని పేరుపెట్టిరి. వారి భాషలో అసియెట్ అనగా పళ్ళెము. పరుల పళ్ళెమున తినువానికిని ఇంచుమించు అదే మాట. పికాసో అను చిత్రకారుని పేరును అందు ధ్వనించును. నేడు ఆ యింటిని టిక్కెట్టు కొని చూచుచున్నారు.

నేను ఆ కుట్టుమిషను ముందు చాలసేపు నిలిచితిని. అది ఇక కుట్టునా? ఆద్రియెన్ ఏమనుకొనెనో పుస్తకములు చెప్పవు. వంటయింటిలో సాగు పిచ్చి పనిని ఏండ్ల తరబడి సహించిన ఇల్లాలు లేకున్న ఆ యిల్లు లేదు గదా అని నాకు తోచినది. మావారు ఆ యిరుకు త్రోవలలో గోడ పట్టుకొని నడచుచుండిరి. పెంకులను తాకి చూచుచున్నారనుకొంటిని.

రెండవ యిల్లు షెనాన్సో. షార్త్రునుండి దక్షిణముగా పోయి, లోయిర్ నది దాటి, షేర్ అను ఉపనది యొడ్డున దానిని చేరితిమి. దీనిని "ఆడువారి కోట" అందురు. తోమా బోయియే అను రాజోద్యోగి 1513లో దీనిని కొనిన పిమ్మట యుద్ధపు పనులమీద ఇటలీలో తిరుగుచుండగా, కట్టడపు పనియంతయు ఆయన భార్య కాథరీన్ బ్రిసొనె నడిపించినది. ఆ కాలమున కోటలలో మెట్లు స్తంభమును చుట్టుకొని పోవునవి. ఆమె తిన్నని మెట్లవరుస పెట్టించినది. ఫ్రాన్సులో అట్టి మెట్లు పెట్టిన మొదటి యిండ్లలో ఇది యొకటి. బిందె చంకన పెట్టుకొని మెట్లెక్కిన వారికి ఆ మార్పు విలువ తెలియును. వంటయిండ్లు నదిలోని పునాదుల కట్టులోనే యున్నవి. సరుకులు పడవమీద నేరుగా అక్కడికే వచ్చునట. తలుపులమీద దంపతులిద్దరి పేర్ల మొదటి యక్షరములు కలిపి చెక్కించిరి. పాపము, ఇల్లు పూర్తియైన కొలది యేండ్లకే, 1524లో ఆయనయు, 1526లో ఆమెయు గతించిరి. పిమ్మట అప్పులక్రింద కొడుకు ఆ కోటను రాజునకు అప్పగించెను.

తరువాత రెండవ హెన్రీ రాజు దీనిని తన ప్రియురాలు దియాన్ కు ఇచ్చెను. ఆమె నదిమీద వంతెన కట్టించెను. 1559లో రాజు చనిపోగానే రాణి కాతెరీన్ ద మెదిచి దీనిని తిరిగి తీసికొని, ఆ వంతెనపైననే 60 మీటర్ల పొడవుగల చావడి వేయించెను. ఆ చావడియే మొదటి ప్రపంచయుద్ధములో ఆసుపత్రియై, రెండువేలకు పైబడిన క్షతగాత్రులకు ఆశ్రయమిచ్చినది. రెండవ యుద్ధములో షేర్ నదియే సరిహద్దయినందున, ఈవలి వాకిలి జర్మనుల యేలుబడిలో, ఆవలి వాకిలి స్వేచ్ఛాభాగములో నుండెను. ప్రియురాలు వంతెన వేసినది, భార్య దానిపై కప్పు వేసినది, దానిమీదుగా ప్రాణములు దక్కించుకొన్న వారు కొందరు. ఇండ్లకు మనకంటె దీర్ఘాయువు.

అక్కడినుండి బూర్జు పట్టణమునకు రెండు గంటల త్రోవ. రహదారి సుంకము కట్టు పెద్ద బాటను విడిచి, పల్లెల మీదుగా పోదమని నేనే కోరితిని. ఎండ తగ్గి మునిచీకటి పడుచుండెను. ఆ దేశమున వాహనములు కుడివైపున నడచును. చోదకుడు ఎడమప్రక్క, తోడి మనిషి కుడిప్రక్క కూర్చుందురు. గుర్తులేని కూడళ్ళలో కుడివైపునుండి వచ్చువారికి త్రోవ ఇయ్యవలెననునది వారి నియమము. ఒక చిన్న ఊరి కూడలిలో కుడిప్రక్కనుండి ఒక సరుకుల బండి వచ్చుచుండెను. నాకు స్పష్టముగ కనబడుచున్నది. మావారు వేగము తగ్గించలేదు. "ఏమండీ, బండి!" అని కేకవేసితిని. ఆయన ఒక్కసారిగా ఆపిరి. జానెడు దూరమున ఆ బండి మమ్ము దాటిపోయినది.

ప్రక్కగా నిలిపి, దీపములు వేసి, చాలసేపు మాటలేక కూర్చుంటిమి. చివరకు ఆయనే, "నాకు కనబడలేదు" అనిరి. "చీకటి గదా" అంటిని. "చీకటి కాదు. ప్రక్కలు కనబడుటలేదు. మూడు నెలలయినది" అనిరి.

మూడు నెలల క్రిందట కంటివైద్యుడు పరీక్షించి, నీటికాసులని చెప్పి, రెండు కన్నులకు మందుచుక్కలు వ్రాసి, మరల పరీక్షించువరకు కారు ముట్టవద్దని గట్టిగా చెప్పెనట. ఆ చుక్కల సీసాను క్షౌరపు పెట్టెలో దాచిరి. నేను చూడకపోలేదు. కన్ను ఎఱ్ఱబడినందులకు కాబోలుననుకొంటిని. "ఎందుకు దాచితిరి?" అని యడిగితిని. "చెప్పిన నీవు ప్రయాణము మానివేయుదువు. ఆ రంగుటద్దములను చూపుండగా ఒక్కసారి చూడవలెననిపించినది" అనిరి. నాకు కోపము వచ్చినది. భయము వచ్చినది. ఏడుపును వచ్చినది. ఆ బండిలో ఎవరి బిడ్డ యుండెనో! తన ముచ్చటకొరకు ఆ బిడ్డ ప్రాణమును, మా ప్రాణములను పణము పెట్టుట నేరము కాదా? ఆ మాటే అంటిని. ఆయన ఎదురాడలేదు. తాళపుచెవి తీసి నా చేతిలో పెట్టిరి.

అప్పుడు నేనును నా దాపరికమును చెప్పితిని. ఆయన లేనప్పుడు ధవళేశ్వరము వరకు ఎన్నిమారులు నడిపితినో, ఒకసారి వానలో మా ఆడపడుచును ఆసుపత్రికి ఎట్లు చేర్చితినో చెప్పితిని. ఆయన ఆశ్చర్యపోయి, "మరి భయమంటివే?" అనిరి. "మీ నవ్వన్న భయము" అంటిని.

చోదకుని చోటున కూర్చుంటిని. గేరు మన దేశమందు ఎడమచేతికి, అక్కడ కుడిచేతికి. నా ఎడమచేయి అలవాటున పోయి తలుపునకు కొట్టుకొనెను. రెండుమార్లు కారు ఆగిపోయెను. వెనుక నొకడు హారను మ్రోగించెను. మావారు నవ్వలేదు. "తొందరలేదు, కుడివైపు బండ్లు లేవా చూచుకో. అది నీవే చూడవలె" అని మాత్రము అనిరి. గంటకు 50 కిలోమీటర్లు మించక, ఆ రాత్రి బూర్జు చేరితిమి. బసలో అన్నము వండుకొని, కందిపొడి కలుపుకొని, మాటలేకయే తింటిమి.

మూడవ యిల్లు ఆ బూర్జులోనిది. జాక్ కర్ అను వర్తకుడు ఏడవ చార్లెసు రాజునకు కోశాధిపతియై, ఓడలమీద తూర్పుదేశములతో వ్యాపారము చేసి గడించిన ధనముతో 1443 మొదలు 1451 వరకు కట్టించిన మేడ యిది. కర్ అనగా వారి భాషలో హృదయము. గోడలనిండ హృదయపు గుర్తులును గవ్వలును చెక్కియున్నవి. వాకిటి పైభాగమున రాతి కిటికీలలోనుండి ఒక పురుషుడును ఒక స్త్రీయు వీధివంక తొంగిచూచుచున్నట్లు బొమ్మలు కలవు. ఇల్లు పూర్తియగుచున్న 1451లోనే రాజు ఆయనను చెరపట్టించెను. ఆయన చెరలో నుండగనే భార్య మాసే మరణించినది. ఆయన తప్పించుకొని పోయి, 1456లో కియోస్ ద్వీపమున చనిపోయెను. ఆ మేడలో వారు కాపురము చేసినది లేనట్లే. కిటికీలోని రాతి మనుష్యులు మాత్రము నేటికిని యజమాని రాకకు కనిపెట్టుకొని యున్నట్లున్నారు. "ఇల్లు కట్టినంతమాత్రమున కాపురము కాదు" అని మావారు మెల్లగా అనిరి. ఆ దినమున ఆయన పలికిన మొదటి పెద్దమాట అదియే.

బూర్జునుండి బోన్ అను పట్టణమునకు మూడు గంటలకు పైగా పట్టును. నేనే నడిపితిని. మావారు చేతిఫోనులోని పటము చూచి త్రోవ చెప్పుచుండిరి. కూడలి వచ్చినప్పుడు నేను పైకి చెప్పుకొనుచు చూచితిని: "కుడి ఖాళీ, ఎడమ ఖాళీ." గుండ్రని కూడళ్ళలో లోపల తిరుగుచున్న వారికి త్రోవ విడిచి, వారు పోయిన పిమ్మట మనము చేరవలెను. మొదటి నాలుగింటికి చెమటపట్టినది, ఐదవదానికి అలవాటైనది. ద్రాక్షతోటలు పసుపువన్నె తిరిగియుండెను. మావారు నాకు కమలాఫలము ఒలిచి తొన తొనగా ఇచ్చిరి. ముప్పది నాలుగేండ్లకు!

నాలుగవ యిల్లు ఇల్లు కాదు, ఆసుపత్రి. బుర్గుండీ ప్రభువునకు మంత్రియైన నికొలా రొలాఁ, ఆయన భార్య గిగోన్ ద సాలాఁ కలసి 1443లో దీనిని స్థాపించిరి. నూరేండ్ల యుద్ధమువలన ఆ సీమ కరవులతో దోపిళ్ళతో నలిగిపోయిన కాలమది. జనులను అంతమందిని పేదలను చేసినవాడు వారికి ఇల్లు కట్టించుట న్యాయమేనని ఫ్రాన్సు రాజొకడు ఎత్తిపొడిచెనని చెప్పుకొందురు. అది నిజమైనను కాకున్నను, 1452 జనవరి 1వ తేదీన మొదటి రోగి చేరినది మొదలు 1971 వరకు అక్కడ రోగులకు సేవ జరిగినది. ఆసుపత్రికి దానముగ వచ్చిన ద్రాక్షతోటల సారాయమును 1859నుండి ఏటేట వేలము వేయుచున్నారు.

రంగురంగుల పెంకులతో అల్లిన చాపవలె నుండు ఆ కప్పును బొమ్మలలో మీరు చూచియుందురు. లోపలి పెద్దశాల 50 మీటర్ల పొడవు. రెండు వరుసల మంచములు, ఎఱ్ఱని తెరలు. శాల చివర ప్రార్థనామందిరము. పడుకొన్న చోటినుండియే రోగులకు పూజ కనబడవలెనని అట్లు కట్టిరి. నేలమీది పలకలలో భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరములు పెనవేసికొని యున్నవి. వాని ప్రక్కన ఒక నక్షత్రము, "ఒక్కతెయే" అను అర్థముగల మాట. గిగోన్ ఆయనకు మూడవ భార్య. తన కామె యొక్కతెయే తార యని మంత్రి భావమట. 1462లో ఆయన పోయిన పిమ్మట ఆమె ఈ ఆసుపత్రిలోనే నివసించి, రోగులకు సేవచేసి, 1470లో కన్నుమూసినది. ఆమె సమాధి ఆ మందిరముననే యున్నది.

రొహియర్ వాన్ డెర్ వేడన్ చిత్రించిన తుదితీర్పు పటమును ఇప్పుడు వేరొక చీకటిగదిలో ఉంచిరి. నడుమ దేవదూత త్రాసుపట్టి ఆత్మలను తూచుచుండును. అందు దయ్యములు లేవు. పాపులు తమంతట తామే అగ్నిలోనికి పోవుచుందురు. మరియొక ప్రక్క, దాతలైన దంపతులిద్దరు మోకరించి యున్న పలకలు. మావారు పటము దగ్గరగా నిలిచి తల త్రిప్పుచు, విసుగుకొనిరి. గది చివరకు చేయిపట్టి తీసికొనిపోయితిని. దూరమునుండి చూడగా పటమంతయు ఆయన చూపులో ఇమిడినది. "ఆ, ఇప్పుడు అంతయు కనబడుచున్నది" అనిరి. అంచులందున్న వారిని నేను వర్ణించి చెప్పితిని. నడిమివారిని ఆయన నాకు చూపిరి. కావలి మనిషి గది మూయుచున్నామని చెప్పువరకు అక్కడనే యుంటిమి. మరునాడు దిజోన్ నగరములో కారు అప్పగించి, రైలుమీద పారిసు చేరితిమి.

సోదరీమణులారా! ఫ్రాన్సు పోవుట మనలో కొందరికే సాధ్యము. ఇంటనే చేయదగిన పనులు కొన్ని కలవు. నీటికాసుల వ్యాధి సాధారణముగ నొప్పిలేకుండ వచ్చును. ముందుగా ప్రక్కచూపు తఱుగును. ఎదుటి చూపు చాలకాలము బాగుగనే యుండుటచే రోగికే తెలియదు. పోయిన చూపు తిరిగిరాదు. మిగిలినదానిని మందుచుక్కలతోను, అవసరమైనచో లేజరుతోనో శస్త్రచికిత్సతోనో కాపాడవచ్చును. నలువది దాటినవారు, అందు తలిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి యున్నవారు, కన్నులలోని ఒత్తిడిని, నరమును పరీక్ష చేయించుకొనుడు. మీ యింటివారు నడచునప్పుడు గుమ్మములకు, కుర్చీలకు తగులుచున్నచో నావలె నవ్వి ఊరకుండకుడు. లైసెన్సు ఉన్నవారు దానిని బీరువాలో దాచకుడు. నడుపుట చేతనగునని ఇంట చెప్పుడు.

మావారి తోబుట్టువులిద్దరిని ఈ నెలలోనే వైద్యునికడకు తీసికొనిపోయితిమి. ఒకరికి వ్యాధి మొదటి దశలోనే పట్టుబడినది. చుక్కల సీసా ఇప్పుడు క్షౌరపు పెట్టెలో లేదు. భోజనపు బల్లమీద, ఆవకాయ జాడీ ప్రక్కన ఉన్నది. రాత్రి భోజనమైన పిమ్మట ఆయన తల వెనుకకు వాల్చి కూర్చుందురు, నేను చుక్కలు వేయుదును. నిన్న ఆదివారము గోదావరి గట్టువెంట కారు నేను నడిపితిని. మలుపులో మా గేటునకు మరల కొంచెము రాచుకొన్నది. ఆయన చూడలేదు, నేనే చెప్పితిని. ఇద్దరము నవ్వుకొంటిమి.

వచ్చే మాసమున మాగాయ సంగతి వ్రాసెదను.